వేసవి కళా కార్యక్రమాలలో పెద్దలు కుర్చీలకే పరిమితం కాకుండా ఏం చేయవచ్చు?

నీడపట్టు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా ప్రాంతంలోని కమ్యూనిటీ హాలులోనూ, దాని ముందున్న ఖాళీ స్థలంలోనూ వేసవి సెలవుల్లో కుటుంబాల కోసం కళా కార్యక్రమాలు జరిపే బృందంలో నేను నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బొమ్మలు గీయడం, పాటలు, నాట్యం, నాటికలు, కథలు అన్నీ ఉంటాయి, జనం కూడా బాగానే వస్తారు. అయినా పోయిన వేసవిలో చూసిన ఒక దృశ్యం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది. పిల్లలు చాపల మీద కూర్చుని రంగులు వేస్తున్నారు. వాళ్లను తీసుకొచ్చిన తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు గోడవారగా వేసిన కుర్చీల్లో వరుసగా కూర్చుని గంటన్నర సేపు ఫోన్లు చూసుకున్నారు. ఆరేళ్ల పాప ఒకతె తాను గీసిన కాగితం పట్టుకుని వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లింది. ఆయన తలెత్తి "బాగుందమ్మా" అని, మళ్లీ ఫోనులో మునిగిపోయారు. ఆ పాప తిరిగి చాప మీదికి రాలేదు, ఆ కుర్చీ పక్కనే నిలబడిపోయింది.

తప్పు ఆ తండ్రిది అని నేను అనుకోవడం లేదు. ఆయన కోసం మేము వేసింది కుర్చీ ఒక్కటే, చేతికి ఏ పనీ ఇవ్వలేదు. ఈ వేసవిలో ఆరు వారాంతాలు మా చేతిలో ఉన్నాయి. పిల్లలతో వచ్చిన పెద్దవాళ్లు పిల్లల పక్కన కూర్చుని ఏదో ఒకటి చేసి వెళ్లాలంటే కార్యక్రమాలను ఎలా మలచాలి? మీరు స్వయంగా చేసి చూసినవి, బెడిసికొట్టినవి కూడా, దయచేసి వివరంగా రాయండి.

రంగులపెట్టె

నీడపట్టు గారూ, మీరు చెప్పిన కుర్చీల వరుస మా దగ్గరా ఉండేది. దాన్ని కదిలించింది ఎండతో అచ్చులు వేసే పని. దీన్ని సయనోటైప్ అంటారు. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాది నుంచే ఆనా అట్కిన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు సముద్రపు నాచును కాగితం మీద పరచి, ఆ నీడలను నీలిరంగులో అచ్చు వేసి, పుస్తకంగా కూర్చారు. కట్టడాల నక్షాలకు బ్లూప్రింట్ అన్న పేరు రావడానికి కారణం కూడా ఈ నీలిరంగే.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ అనే రెండు లవణాలను వేర్వేరుగా నీళ్లలో కరిగించి, వాడే ముందు కలిపి, ఎండ చొరబడని గదిలో మందపాటి కాగితానికి కుంచెతో పూసి, చీకట్లో ఆరబెట్టాలి. ఆరిన కాగితం మీద ఆకో, ఈకో, లేసు ముక్కో, కత్తిరించిన కాగితపు బొమ్మో పెట్టి ఎండలో ఉంచితే, అతినీలలోహిత కిరణాలు తగిలినంత మేరా ప్రష్యన్ నీలం అనే ముదురు నీలిరంగు ఏర్పడుతుంది, నీడ పడిన చోట మందు మారకుండా ఉండిపోతుంది. మంచి ఎండలో పది పదిహేను నిమిషాలు చాలు. తర్వాత మామూలు నీళ్ల తొట్టిలో ఊపుతూ కడిగితే, మారని మందు కొట్టుకుపోయి నీలం మధ్యలో తెల్లటి ఆకు బయటపడుతుంది. ఈనెలతో సహా, పురుగు కొట్టిన చిల్లులతో సహా పడుతుంది.

కాగితాన్ని కదలకుండా పట్టుకోవడానికి, నిమిషాలు లెక్కపెట్టడానికి, తొట్టిలో రెండు కొసలూ పట్టి ఊపడానికి ఒక మనిషి చేతులు చాలవు. అందువల్ల పిల్లలు తమంతట తామే పెద్దవాళ్లను కుర్చీల్లోంచి లాక్కొస్తారు. మేము ఎవరినీ పిలవలేదు. అయితే మందు కలపడం, పూయడం పెద్దల పని. చేతి తొడుగులు వేసుకుని ముందురోజు రాత్రే ముగించాలి, ఆ మందు దగ్గరికి ఆమ్లాలేవీ రానివ్వకూడదు. వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఆ కాగితాలు ఇవ్వకండి.

డ్యూటీనర్సు

ఈ అచ్చుల పని చదువుతుంటే నాకూ చేయాలనిపించింది, కానీ "మంచి ఎండ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అతినీలలోహిత కిరణాలు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎక్కువగా ఉంటాయి. పిల్లలకు కూడా అర్థమయ్యే కొలత ఒకటి ఉంది. నేల మీద మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు, అప్పుడు నీడలోకి వెళ్లిపోవాలి. కార్యక్రమం ముంగిట్లోనే ప్రతి బిడ్డ చేతా తన నీడను కొలిపిస్తే అది కూడా ఒక ఆటే అవుతుంది.

చిన్నపిల్లల శరీరానికి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, చెమట పట్టడం తక్కువ, కాబట్టి బయటి వేడి వాళ్లకు త్వరగా ఎక్కుతుంది. వృద్ధుల సంగతి మరో విధంగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గినా వాళ్లకు దాహం అంతగా తెలియదు, "నాకేం వద్దమ్మా" అని కూర్చుంటారు. మీరు ఈ రెండు వయసులవాళ్లనూ ఒకే బల్ల దగ్గరికి చేరుస్తున్నారు కనుక మంచినీళ్లు ఒక మూల పెట్టి ఊరుకోకండి, ప్రతి ఇరవై నిమిషాలకూ ఒకరు గ్లాసులు పట్టుకుని తిరగాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ గాలి విసరాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. అత్యవసర వైద్య సహాయానికి ఫోను చేస్తూనే ఒళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి, వాహనం వచ్చేదాకా ఆగకూడదు.

రంగులపెట్టె

నర్సు గారూ, మీరు చెప్పినదంతా నిజం, నేను ముందే రాయవలసింది. మేము ఉదయం 8 గంటలకు మొదలుపెడతాం. ఏటవాలు ఎండలో అచ్చుకు అరగంట దాకా పట్టవచ్చు, అంతే తేడా. ఎండలో ఉండవలసింది కాగితం గాని మనుషులు కారు కదా. బల్లలను నీడ అంచున వేసి, కాగితాలు అమర్చిన అట్టలను చేయి చాపి ఎండలోకి జరిపి, అందరూ నీడలోనే కూర్చుంటారు.

ఆ అరగంటలో చెట్టు కింద నేల మీద పడే వెలుగు మచ్చలను చూపించండి. ఆకుల సందులు రకరకాల ఆకారాల్లో ఉన్నా నేల మీద పడే మచ్చలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి, ఎందుకంటే అవి ఆకుల మధ్య సన్నటి రంధ్రాల గుండా పడిన సూర్యుడి ప్రతిబింబాలు. పదేళ్లుగా అదే చెట్టు కింద బండి నిలుపుకుంటున్న ఒక పెద్దాయన ఆ రోజు ఆ మచ్చల మీద తెల్ల కాగితం పరచి, చాలాసేపు వంగి చూస్తూ ఉండిపోయారు.

ఇద్దరుపిల్లలతల్లి

నాకు ఒక సందేహం ఉంది. మా ప్రాంతంలో వేసవి కార్యక్రమం అంటే చిత్రలేఖనం పోటీ, పాటల పోటీ, వేషధారణ పోటీ. మొదటి, రెండవ, మూడవ బహుమతులు ఉంటేనే తల్లిదండ్రులు పేర్లు నమోదు చేయిస్తారు. మా పెద్దవాడు కూడా బహుమతి ఉందా అని అడిగి గాని బయల్దేరడు. పోటీ తీసేస్తే జనం వస్తారా? పిల్లలకు ఆ ఉత్సాహం ఉంటుందా?

బడిపంతులు

తల్లీ, ముప్పై ఏళ్లు పిల్లల మధ్య గడిపినవాణ్ణి, ఈ ప్రశ్నకు నేను కొంత వివరంగా జవాబు చెప్పాలి.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక శిశువిహారంలో ప్రయోగం చేశారు. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందు నుంచీ ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను ఎంచుకుని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు, గీస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకు ముందు చెప్పకుండా, గీసిన తర్వాత అదే పత్రం ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత అవే పెన్నులను తరగతిలో ఉంచి, ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేసి గమనిస్తే, బహుమతి వస్తుందని తెలిసి గీసిన పిల్లలు మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే వాటితో గడిపారు. అనుకోకుండా పత్రం అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. చెడుపు బహుమతిలో లేదు, బహుమతి కోసమే గీస్తున్నాం అన్న తలంపులో ఉంది.

నేను కళ్లారా చూసిన సంగతి కూడా చెబుతాను. ఒక పోటీలో ఎనిమిదేళ్ల పిల్ల వాన పడుతున్న వీధిని గీసింది. గొడుగులను పైనుంచి చూస్తున్నట్టు గీసింది, ఒక్క మనిషి ముఖమూ కనబడదు. నాకు ఆ ఊహ చాలా గొప్పగా అనిపించింది. ఫలితాలు చదివిన తర్వాత ఆ పిల్ల వాళ్లమ్మ "మనుషులను గీయవద్దా, అందుకే రాలేదు" అన్నది. ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీ కింద వదిలి వెళ్లిపోయింది. మూడు బహుమతులు ఇచ్చిన చోట నలభై మంది ఓడినవాళ్లు ఉంటారు. ఏడెనిమిదేళ్ల వయసులో "నాకు బొమ్మలు రావు" అనే నమ్మకం కుదిరితే అది జీవితాంతం ఉండిపోతుంది. నీడపట్టు గారు చెప్పిన కుర్చీల వరుసలో అలాంటివాళ్లు ఎందరున్నారో ఒకసారి ఆలోచించండి.

పోటీకి బదులు ప్రదర్శన పెట్టండి. గీసిన ప్రతి బొమ్మనూ, పిల్లల కంటి ఎత్తులో, గోడకు అతికించండి. మనం ఎప్పుడూ పెద్దల కంటి ఎత్తులోనే అతికిస్తాం. కింద పేరు, పక్కన ఆ బిడ్డ తన బొమ్మ గురించి చెప్పిన ఒక్క వాక్యం ఉండాలి. ఆ వాక్యాన్ని రాసే పని వెంట వచ్చిన పెద్దవాళ్లకు అప్పగించండి. రాయాలంటే వాళ్లు బిడ్డను అడగాలి, అడిగితే వినాలి.

ఇద్దరుపిల్లలతల్లి

మాస్టారూ, ఆ నాలుగు మడతల సంగతి చదివి మనసు కలుక్కుమంది. మరి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలను ఏం చేయాలి? మా పెద్దవాడు ఇప్పుడు నా పక్కన కూర్చుని ఆకులు అచ్చు వేయడానికి ససేమిరా ఒప్పుకోడు.

బడిపంతులు

వాళ్లను పిల్లల లెక్కలో కాకుండా కార్యకర్తల లెక్కలో వేసుకోండి. గోడ మీద పెద్ద బొమ్మ వేయించాలనుకుంటే, చిన్న కాగితం మీది బొమ్మకు గళ్లు గీసి, గోడ మీద అన్నే గళ్లు పెద్దవిగా గీసి, ఒక్కో గడిని చూసి ఒక్కో గడిలోకి దించే పద్ధతి ఉంది. నూలు దారానికి సుద్దపొడి పట్టించి, ఇద్దరు రెండు చివరలూ లాగి పట్టుకుంటే, మూడోవాడు మధ్యలో పట్టి వదిలితే తిన్నటి గీత పడుతుంది. ఆ వయసువాళ్లకు ఈ పని ఎంతో నచ్చుతుంది, లెక్క తప్పితే తామే దిద్దుకుంటారు. రంగులు నింపేటప్పుడు మాత్రం కింది 3 అడుగులను చిన్నపిల్లలకు వదిలి, ఆ మేరకు గీతలు దాటినా ఎవరూ సరిచేయకూడదని ముందే అందరితోనూ ఒప్పందం చేసుకోండి.

మైకుసెట్టు

ఈ చర్చలో వేదికను ఎవరూ తలచుకోవడం లేదు, అందుకని వేదిక తరఫున నేను మాట్లాడతాను. ఏడాదంతా సంగీతమో నాట్యమో నేర్చుకున్న బిడ్డకు నలుగురి ముందు నిలబడే అవకాశం కావాలి. నిశ్శబ్దంగా వినే వంద మందిని చూసినప్పుడు ఆ బిడ్డ నేర్చుకునేది ఏ తరగతిలోనూ దొరకదు. అందరూ అన్నీ చేయాలి అంటే వినడం అనే పనికి విలువ లేకుండా పోతుంది. శ్రద్ధగా వినడం కూడా పనే.

అయితే వేదిక మీదికి ఎవరు ఎక్కవచ్చు అన్న విషయంలో మనం మారవచ్చు. ఫ్రాన్సులో 1982 జూన్ 21న, వేసవి అయనాంతం (ఏడాదిలో పగలు అన్నిటికంటే పొడవుగా ఉండే రోజు) నాడు, అప్పటి సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ ఆధ్వర్యంలో సంగీత దినం మొదలైంది. ఆ రోజు వృత్తి కళాకారులే కాక, వాద్యం చేతిలో ఉన్న ప్రతివారూ వీధిలోకి వచ్చి వాయించాలన్నది పిలుపు. ఇప్పుడు అది ఎన్నో దేశాలకు పాకింది. మనమూ ఒక సాయంత్రాన్ని, ఒక బిడ్డ, ఆ బిడ్డ ఇంటి పెద్ద ఒకరు కలిసి పాడాలి లేదా వాయించాలి అన్న నియమంతో పెట్టవచ్చు. పెద్దవాళ్లకు తాళం మాత్రమే వచ్చినా సరే, తాళం వేస్తారు. సాధన ఇంట్లో జరుగుతుంది కదా, ఆ రెండు వారాలూ అసలైన కార్యక్రమం అక్కడే నడుస్తుంది.

ఇక మైకుల పని చేసేవాడిగా కొన్ని మాటలు. వేదిక ముందు ఒకే పెద్ద బాక్సు పెట్టి మోత పెంచితే ముందు వరుసలో కూర్చున్న పసిపిల్లల చెవులు దెబ్బతింటాయి, వెనక వరుసకు మాట స్పష్టంగా అందదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందువల్ల చిన్న బాక్సులను మధ్యమధ్యలో ఉంచి అన్నిటినీ తక్కువ స్థాయిలో నడపడం మేలు. వినోద వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. పసిపిల్లలున్న చోట అంతదాకా కూడా పోవలసిన పని లేదు. పక్కనున్న మనిషితో అరవకుండా మాట్లాడగలిగితే చాలినంత ఉన్నట్టు.

వేదికను ఏ దిక్కున కట్టాలన్నది చాలామంది ఆలోచించరు. సాయంత్రం కార్యక్రమంలో వేదిక పడమర ఉంటే ప్రేక్షకుల కళ్లలో ఎండ పడుతుంది, తూర్పున ఉంటే నాట్యం చేసే పిల్లల కళ్లలో పడుతుంది. ఉత్తరానో దక్షిణానో కడితే ఎవరికీ బాధ ఉండదు. ఉరుము వినబడిందంటే మాత్రం పాట మధ్యలో ఉన్నా ఆపించి, కరెంటు తీసేసి, అందరినీ హాలు లోపలికి పంపించాలి. షామియానా పిడుగు నుంచి కాపాడదు. చివరి ఉరుము విన్న తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా తిరిగి బయటికి రాకూడదు.

మట్టిచేతులు

మట్టిపని గురించి క్లుప్తంగా రాస్తాను. పిల్లలూ పెద్దలూ ఒకే స్థాయిలో మొదలుపెట్టేది ఇందులోనే, ఎందుకంటే చాలామంది పెద్దలు కూడా మట్టి ముట్టుకుని ఏళ్లు గడిచి ఉంటాయి. వేసవిలో మట్టి ఆరిపోవడమే పెద్ద చిక్కు. పైపొర ఎండి లోపల పచ్చిగా ఉంటే బొమ్మ బీటలు వారుతుంది. ముద్దలను తడిగుడ్డలో చుట్టి ఉంచి, ఒక్కొక్కరికీ గుప్పెడు చొప్పున మాత్రమే తీసి ఇవ్వండి. చేసిన బొమ్మలను ఎండలో పెట్టకుండా, నీడలో, పైన పలుచటి గుడ్డ కప్పి, రెండు మూడు రోజులు మెల్లగా ఆరనివ్వండి.

చేతులూ కాళ్లూ ఊడిపోవడం మరో చిక్కు. అతికించే రెండు చోట్లా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో పలుచగా కలిపిన జారుడు మట్టి రాసి, అప్పుడు నొక్కాలి. ఈ ఒక్క మెళకువను మొదట పెద్దలకు నేర్పి, పిల్లలకు మీరే చూపించండి అని వదిలేస్తే మీ నిర్వాహకులకు ఊపిరి సలుపుతుంది. పని ముగిశాక నేలను పొడిగా ఊడవకండి, ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగుడ్డతో తుడిపించండి.

పాతకథలు

అందరికీ నమస్కారం. నా వయసు డెబ్భై దాటింది. నీడపట్టు గారు రాసిన కుర్చీల వరుస వంటిదే మా దగ్గరా ఉంటుంది, అందులో ప్రతి వేసవీ నేనూ కూర్చుంటాను. కుర్చీలో కూర్చున్నవాళ్ల వైపు నుంచి కూడా ఎవరైనా చెబితే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

మేము పిల్లలతో కూర్చోకపోవడానికి మొదటి కారణం మోకాళ్లు. చాప మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి, ఆ అవస్థ నలుగురిలో పడలేక కుర్చీ చూసుకుంటాం. రెండవ కారణం చూపు. సాయంత్రం హాలులో వెలుతురు చాలక సన్నటి పని కనబడదు. మూడవది చెప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంది. మమ్మల్ని ఎవరూ పిలవరు. "తాతగారూ, మీరు ఇలా కూర్చోండి" అని మర్యాదగా కుర్చీ చూపిస్తారు, ఆ మర్యాదతోనే మేము పక్కకు జరిగిపోతాం.

మా మనవరాలికి రోజూ రాత్రి కథ చెబుతాను. మా అమ్మ చెప్పిన నక్క కథలు, పేదరాశి పెద్దమ్మ కథలు నాకు యాభై దాకా వచ్చు. రెండేళ్ల కిందట ఒక వేసవి కార్యక్రమంలో మైకు ఇచ్చి చెప్పమన్నారు. ఎనభై మంది పిల్లలు, పక్కనే మరేదో ఆట నడుస్తోంది. ఐదు నిమిషాలకే సగం మంది లేచి వెళ్లారు, మిగిలినవాళ్లు మొహమాటానికి కూర్చున్నారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా వద్దంటున్నాను.

ఇద్దరుపిల్లలతల్లి

తాతగారూ, మా చిన్నవాడు ఆ లేచి వెళ్లిపోయేవాళ్లలో ఒకడయ్యేవాడు, కానీ కథ నచ్చక కాదు. వాడికి మోత ఎక్కువైతే భరించలేక చెవులు మూసుకుని పరుగెత్తుతాడు. అందుకే నీడపట్టు గారికి ఒక విన్నపం. హాలులో ఒక చిన్న గదిని, మైకు లేకుండా, మందమైన వెలుతురుతో, కాగితాలూ నాలుగు దిళ్లూ పెట్టి ఖాళీగా ఉంచండి. అలాంటి గది ఉందని వాకిట్లోనే రాసి పెడితే, ప్రతి కార్యక్రమం నుంచీ మధ్యలో వెళ్లిపోయే మాలాంటి కుటుంబాలు చివరిదాకా ఉండగలుగుతాయి. పది మంది పిల్లలున్న ఆ గదిలో తాతగారి కథకు మైకు అవసరమే ఉండదు.

పరుగెత్తే పిల్లవాడి తల్లిగా మరొకటి. లోపలికి వచ్చేటప్పుడే పిల్లల మణికట్టుకు పెద్దవాళ్ల ఫోను నంబరు రాసిన పట్టీ కట్టండి. బిడ్డ తప్పిపోయి దొరికితే బిడ్డ పేరు మైకులో చెప్పకండి, విన్న అపరిచితులెవరైనా అదే పేరుతో పిలిచి చేయి పట్టుకుని తీసుకుపోవచ్చు. పట్టీ మీద ఉన్న నంబరుకు ఫోను చేయాలి, పెద్దవాళ్లు వచ్చేదాకా బిడ్డ దగ్గర ఇద్దరు కార్యకర్తలు ఉండాలి.

తెల్లతెర

పాతకథలు గారూ, మీ కథలకు నీడబొమ్మలను తోడు చేసుకుంటే ఎలా ఉంటుందో చూడండి. కథ చెప్పేవారు తెర వెనక కుర్చీలోనే కూర్చోవచ్చు, వంగే పని లేదు, ఎవరు లేచి వెళ్లారో కూడా కనబడదు.

తెల్ల దుప్పటిని ముడతలు లేకుండా బిగించి కట్టాలి. దీపం ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా వస్తుంది. ట్యూబులైటు పెడితే దాని పొడవునా ప్రతి చోటి నుంచీ వెలుగు వచ్చి బొమ్మ అలుక్కుపోతుంది. సెల్‌ఫోను టార్చి సరిగ్గా సరిపోతుంది, దాన్ని తెరకు ఐదారు అడుగుల వెనక కదలకుండా నిలబెట్టండి. బొమ్మను తెరకు ఆనిస్తే చిన్నగా, స్పష్టంగా పడుతుంది. దీపం వైపు తెస్తే పెరిగి పెద్దదవుతుంది, అంచులు మసకబారతాయి. పులి దూరం నుంచి వస్తున్నట్టు చూపించాలంటే అట్ట బొమ్మను దీపం దగ్గరికి జరుపుతూ పోతే చాలు, ముందు కూర్చున్న పిల్లలు వెనక్కి జరగడం నేను ఎన్నోసార్లు చూశాను. సూర్యాస్తమయం తర్వాత పెట్టవలసిన కార్యక్రమం కాబట్టి నర్సు గారి భయమూ తీరుతుంది.

పెద్దవాళ్లకు పని కావాలన్నారు కదా. కథ ఒకరు చెప్పాలి, బొమ్మలు ఇద్దరు ఆడించాలి, దీపం ఒకరు చూసుకోవాలి, వాన, గాలి, గుర్రపు డెక్కల చప్పుళ్లు ఒకరు చేయాలి. ఐదారుగురు లేకుండా పది నిమిషాల కథ కూడా నడవదు. ఒక ఇంటివాళ్లంతా సరిగ్గా సరిపోతారు.

నీడపట్టు

పాతకథలు గారూ, మీరు రాసిన మూడు కారణాలను మా బృందం సమావేశంలో చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చాపలు వేస్తే నేల మీద అందరూ సమానంగా ఉంటారని మేము అనుకుంటూ వచ్చాం, మోకాళ్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఇప్పటికి అనుకున్నవి ఇవి. చాపలు తీసేసి బల్లలు వేస్తాం, బల్లకు రెండు ఎత్తుల్లో పీటలూ కుర్చీలూ ఎదురెదురుగా ఉంటాయి, గోడవార కుర్చీలు ఇక ఉండవు. అలసినవాళ్లు ఇద్దరుపిల్లలతల్లి గారు చెప్పిన గదిలో కూర్చుంటారు. మొదటి వారం ఉదయం 8 నుంచి 10 దాకా ఎండ అచ్చులు, రెండవ వారం మట్టి. పోటీలన్నీ రద్దు చేశాం. ఇందుకు బృందంలో ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల అభ్యంతరం ఇంకా అలాగే ఉంది, ప్రదర్శన చూశాక మాట్లాడతామన్నారు. జంట పాటల సాయంత్రానికి వేదికను ఉత్తరం వైపు మారుస్తున్నాం. గోడబొమ్మకు మాత్రం ఇంకా గోడ దొరకలేదు.

నీడబొమ్మలకు మూడవ శనివారం సాయంత్రం ఖాళీగా ఉంది. పాతకథలు గారూ, మీది మా ప్రాంతం కాకపోయినా, మీ ప్రాంతంలో మీరు దీన్ని మొదలుపెడితే, ఆ కథ ఎలా సాగిందో మాకు రాస్తే, మేము మీ వెనకే నడుస్తాం. దయచేసి కాదనకండి.

పాతకథలు

మీ మాట తీసేయలేను. నిన్న ఇదంతా మా మనవరాలికి చదివి వినిపించాను. అది చివరిదాకా వినకుండానే కత్తెర తెచ్చుకుంది. పాత అట్టపెట్టె మీద నక్కను గీసి కత్తిరించాం. గీసింది అది, మందంగా ఉన్నచోట కత్తిరించింది నేను. ఇప్పుడు దానికి నక్క తోక విడిగా ఊగాలట, అబద్ధం చెప్పినప్పుడల్లా కదలాలట. రాత్రి దారంతో కట్టి చూస్తే తోక కిందికి వేలాడిపోయింది. తెల్లతెర గారూ, దీనికి ఏదైనా ఉపాయం ఉందా?

తెల్లతెర

ఉందండీ. తోక మొదలు నక్క ఒంటి మీదికి ఒక వేలు వెడల్పు వచ్చేలా పెట్టి, రెండు అట్టలనూ కలిపి ఒకే రంధ్రం చేయండి. దారాన్ని అందులోంచి దూర్చి రెండు పక్కలా ముడి వేయండి, ముడి బిగువుగా ఉంటే తోక కదలదు కాబట్టి కొంచెం వదులుగా ఉంచండి. సన్నటి పుల్లను తోక చివర కాకుండా, మొదలు నుంచి మూడో వంతు దూరంలో అతికించండి. అక్కడైతే చేయి కాస్త కదిలినా తోక మొత్తం ఊగుతుంది. ఒంటికి మరో పుల్ల విడిగా కావాలి. ఒంటి పుల్ల మీరు పట్టుకోండి, తోక పుల్ల మీ మనవరాలి చేతికి ఇవ్వండి.